కార్బురేటర్ మీద పడ్డ నింద: ఒక 1970 ఎంజీబీ రోడ్‌స్టర్ కేసు

బండి 1970 నాటి ఎంజీబీ రోడ్‌స్టర్, అంటే ఎంజీ కంపెనీ చేసిన, గట్టి పైకప్పు లేని బ్రిటిష్ కారు. కుడివైపు స్టీరింగ్, క్రోమ్ బంపర్లు, 1798 సీసీ ఇంజన్, రెండు ఎస్‌యూ హెచ్‌ఎస్4 కార్బురేటర్లు (గాలిలో పెట్రోలు కలిపి ఇంజన్‌కు ఇచ్చేవి), లూకాస్ 25డీ4 డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు స్పార్కు పంచేది), ఓవర్‌డ్రైవ్ ఉన్న నాలుగు గేర్ల బాక్సు. యజమాని తెనాలి నుంచి వచ్చి ఇంగ్లండ్‌లో, మా ఇంటికి దగ్గర్లోని ఆసుపత్రిలో పనిచేస్తున్న డాక్టరు. వయసులో నాకంటే చిన్నవాడు, నన్ను అన్నా అని పిలుస్తాడు. పాత ఎంజీలకు నేను ఇంటి గరాజ్‌లోనే పని చేస్తానని తెలిసి వచ్చాడు.

ఫిర్యాదులు మూడు. గంటకు 45, 50 మైళ్ల వేగంలో యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా ఆనించి పోతుంటే ఇంజన్ మిస్ కొడుతోంది. బ్రేకు గట్టిగా తొక్కితే బండి ఎడమకు లాగుతోంది. రాత్రిపూట హెడ్‌లైట్ల వెలుగు దారికి చాలడం లేదు.

అప్పటికే అతను బండిని ఒక వర్క్‌షాప్‌లో చూపించాడు. ఎస్‌యూలు అరిగిపోయాయి, వాటిని తీసేసి ఒక్క వెబర్ 45 కార్బురేటర్ వేయాలి, పాత డాంపర్లు (షాక్ అబ్సార్బర్లు) పీకి టెలిస్కోపిక్‌వి పెట్టాలి, స్ప్రింగులు మార్చి బండిని కిందికి దించాలి అని అక్కడ చెప్పారట. బిల్లు చూసి గుండె జారి, "అన్నా, సామాన్లు నేను తెప్పిస్తా, మనమే బిగించేద్దాం" అన్నాడు.

బిగించడం పెద్ద పనేం కాదు. అయితే పాత బండి విషయంలో నేను వదలని పద్ధతి ఒకటుంది. ముందు బండి ఫ్యాక్టరీ నుంచి వచ్చిన స్థితికి రావాలి, అంటే ప్రతి కొలతా మాన్యువల్‌లో ఉన్నట్టు ఉండాలి. ఆ తర్వాతే మార్పులు, అవీ ఒకదాని తర్వాత ఒకటి. కొలతలు సరిగా లేని ఇంజన్ మీద కొత్త పార్టు బిగిస్తే, తేడా కొత్త పార్టు వల్ల వచ్చిందో, పాత లోపం వేరే దారి పట్టడం వల్ల వచ్చిందో ఎవరూ చెప్పలేరు. ఈ కేసులో సరిగ్గా అదే జరిగి ఉండేది. ఎలాగో ముందుకు వెళ్లాక చెబుతాను.

బండి గురించి కొంచెం

ఎంజీబీ 1962లో వచ్చింది. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని అబింగ్డన్ ఫ్యాక్టరీలో 1980 అక్టోబరు దాకా తయారైంది. రోడ్‌స్టర్లు, పైకప్పు ఉన్న జీటీలు కలిపి అయిదు లక్షలకు పైగానే చేశారు. ఇంట్లో పని చేసుకునేవాళ్లకు ఈ సంఖ్య పెద్ద వరం. గ్రీజు సీలు దగ్గర్నుంచి మొత్తం బాడీ షెల్ దాకా ఈ రోజుకీ కొత్తవి దొరుకుతాయి. బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ సంస్థ 1988 నుంచి ఎంజీబీ షెల్స్‌ను పాత ఫ్యాక్టరీ డైలతోనే ఒత్తి ఇస్తోంది.

ఇంజన్ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వారి బి-సిరీస్. మన అంబాసిడర్‌లో ఏళ్ల తరబడి నడిచిన 1489 సీసీ పెట్రోల్ ఇంజనూ ఈ కుటుంబమే. ఎస్‌యూ కార్బురేటర్, పాయింట్లు (కాయిల్ కరెంటును తెంచి స్పార్కు పుట్టించే చిన్న స్విచ్), కండెన్సర్, పుష్‌రాడ్ ట్యాపెట్లు... విజయవాడ ఆటోనగర్‌లో అంబాసిడర్ పనులు చేసిన పాత మేస్త్రీకి ఎంజీబీ బానెట్ ఎత్తి చూపిస్తే కొత్తగా నేర్పాల్సింది చాలా తక్కువ.

ముందు తుప్పు

మిస్సింగ్ గురించి వచ్చిన బండిని నేను ముందు జాకీ ఎక్కించాను. రోడ్‌స్టర్‌కు పైకప్పు లేదు. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య బరువంతా మోసేది తలుపుల కింద ఉండే సిల్స్, మధ్యలోని గేర్‌బాక్స్ టన్నెల్. ఎంజీబీలో సిల్ అంటే ఒక్క రేకు కాదు. బయటి సిల్, లోపలి సిల్, రెంటి నడుమ నిలువుగా ఒక రేకు, అడుగున క్యాజిల్ సెక్షన్ అనే వంపులు తిరిగిన పట్టీ. బయటి రేకు కొత్తగా మెరుస్తూ, లోపల ఏమీ మిగలని బండ్లు బోలెడు. సిల్ పోయిన బండికి ఇంజన్ పని చేయడం డబ్బు తగలేయడమే.

చూసే తీరు ఇది. బండి నాలుగు చక్రాల మీద ఉన్నప్పుడు తలుపుకూ బాడీకీ మధ్య సందు పైనా కిందా గమనించాలి. తర్వాత సిల్ కింద జాకింగ్ పాయింట్ దగ్గర ఎత్తి, అదే సందు మళ్లీ చూడాలి. పైభాగంలో సందు మూసుకుపోయినా, తలుపు తెరిచి వేస్తే తగిలినా, సిల్ బరువు మోయడం లేదని అర్థం. లప్పం ఎక్కడుందో తెలియాలంటే మెత్తటి గుడ్డలో చుట్టిన అయస్కాంతాన్ని రేకు వెంబడి జరుపుతూ పోతే చాలు.

కుడివైపు గట్టిగానే ఉంది. ఎడమవైపు ఎత్తితే తలుపు సందు కదల్లేదు గానీ, క్యాజిల్ సెక్షన్ వెనక కొసన నల్లటి అండర్‌సీల్ బుడగలా ఉబ్బి ఉంది. స్క్రూడ్రైవర్ మొనతో నొక్కితే సీల్ విరిగి, దాని వెనక నుంచి తడి తుప్పు పొరలు పొరలుగా రాలింది. చుట్టూ గీకితే అరచేతి వెడల్పు దాకా పోయింది, దాని అవతల మంచి ఇనుము దొరికింది. ప్యాచ్‌తో సరిపోయే దశలోనే పట్టుకున్నాం.

వెల్డింగ్ నేను చేయను, సర్టిఫికెట్ ఉన్న మనిషిని పిలిపిస్తాను. నా వంతు పని సిద్ధం చేయడం: సీటు, కార్పెట్లు తీసేయడం, బ్యాటరీ, ఆల్టర్నేటర్ కనెక్షన్లు రెండూ విప్పేయడం, కోసే ముందు తలుపు తీసి ఆ ఖాళీకి అడ్డంగా ఇనప పైపు బిగించడం. ఈ పైపు లేకుండా రోడ్‌స్టర్ సిల్ కోస్తే బాడీ వంగిపోతుంది, తర్వాత తలుపు జన్మలో సరిగ్గా పడదు.

బ్రేకులు

ఇది త్వరగా తేలింది. ఎడమకు లాగుతోందంటే ఎడమ చక్రం ఎక్కువ పట్టడమైనా కావాలి, కుడిది తక్కువ పట్టడమైనా కావాలి. కుడి ముందు క్యాలిపర్‌లో ఒక పిస్టన్ తుప్పు పట్టి బిగుసుకుంది. రెండువైపులా క్యాలిపర్లు విప్పి స్టెయిన్‌లెస్ స్టీల్ పిస్టన్లు, కొత్త సీళ్లు వేశాం. రబ్బరు హోసులు పైకి బాగానే ఉన్నా మార్చేశాను. అవి లోపలి వైపు ఉబ్బితే, తొక్కినప్పుడు ఫ్లూయిడ్ పోతుంది గానీ వదిలినప్పుడు వెనక్కి రాదు. డాట్ 4 ఫ్లూయిడ్ పోసి బ్లీడ్ చేసి, రెండేళ్లకోసారి మార్చాలని చెప్పాను. బ్రేకుల్లో ఒకవైపే బాగుచేయడం అనే మాటే ఉండకూడదు.

అసలు జబ్బు

ఇంజన్ దగ్గరికి వచ్చేసరికి వారాంతమైంది. ఆ సమయానికి డాక్టరు వాళ్ల నాన్నగారు తెనాలి నుంచి వచ్చి ఉన్నారు. ఆయన చాలా ఏళ్లు సొంత అంబాసిడర్ నడిపి, దాని పని దగ్గరుండి చేయించుకున్న మనిషి. బానెట్ ఎత్తగానే "ఇది మన బండి ఇంజనే కదయ్యా" అన్నారు. "అవును బాబాయ్ గారూ, దానికి అన్నలాంటిది" అన్నాను.

వరస నాకు ఎప్పుడూ ఒకటే. ముందు కంప్రెషన్, తర్వాత ట్యాపెట్లు, తర్వాత ఇగ్నిషన్, కార్బురేటర్ ఆఖర్న. కార్బురేటర్ తిప్పడం తేలిక కాబట్టి అందరి చేయీ ముందు అటే పోతుంది. కానీ ట్యాపెట్టో టైమింగో తప్పి ఉంటే, కార్బురేటర్ మీద చేసిన సెట్టింగు ఆ తప్పును సర్దడానికే సరిపోతుంది.

ఇంజన్ వేడి మీద, ప్లగ్గులన్నీ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి కంప్రెషన్ చూస్తే నాలుగు సిలిండర్లూ 155, 160 పీఎస్‌ఐ మధ్య దగ్గర దగ్గరగా వచ్చాయి. రింగులు, వాల్వులు బాగున్నాయి. ఆయిల్ ప్రెషర్ కూడా వేడి మీద పరిగెత్తేటప్పుడు 55 దగ్గర నిలిచింది.

ట్యాపెట్ సందు (వాల్వుకూ దాన్ని తెరిచే రాకర్‌కూ మధ్య ఖాళీ) చల్లటి ఇంజన్ మీద 0.015 అంగుళం. నేను చెప్పబోతుంటే "పదిహేను థౌ" అని పెద్దాయనే అందుకున్నారు. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. టాప్ గేరులో వేసి బండిని కొద్దికొద్దిగా తోస్తే ఇంజన్ తిరుగుతుంది. ఎనిమిది వాల్వుల్లో ఏది పూర్తిగా తెరుచుకుని ఉందో చూసి, ఆ అంకెను తొమ్మిది నుంచి తీసేస్తే వచ్చే వాల్వుకు సెట్టింగ్ చేయాలి. ఎనిమిదోది తెరుచుకుంటే ఒకటోది, ఆరోది తెరుచుకుంటే మూడోది. కొడుకు తోశాడు, తండ్రి ఫీలర్ గేజ్ పట్టారు. గేజ్ రేకు మరీ వదులుగా కాకుండా, పట్టేసినట్టూ కాకుండా, వెన్న రాసినట్టు జారాలి. ఆయన చేతికి ఆ పట్టు ఇంకా ఉంది.

ఇక్కడ ఒక మాట. బ్రిటన్‌లో సీసం కలిపిన పెట్రోలు అమ్మకం 1999తో ఆగిపోయింది. పాత హెడ్‌లో గట్టిపరిచిన వాల్వు సీట్లు లేకపోతే ఎగ్జాస్ట్ వాల్వులు మెల్లగా సీటులోకి దిగిపోతాయి. దీన్ని హెడ్ విప్పకుండానే పట్టుకోవచ్చు: ప్రతి సర్వీసుకూ ట్యాపెట్ సందు మార్చే ముందు రాసి పెట్టుకుంటే చాలు. ఎగ్జాస్ట్ సందులు ప్రతిసారీ తగ్గుతూ వస్తుంటే సీట్లు అరుగుతున్నట్టే. ఈ బండికి అలా రాసిన పుస్తకం లేదు. ఆ రోజు మొదలుపెట్టించాను.

ఇక మిస్సింగ్. డాక్టరును పక్కన కూర్చోబెట్టుకుని రోడ్డెక్కాను. ఐడ్లింగ్ బాగుంది. గేర్లు మార్చుకుంటూ గట్టిగా లాగితే బాగుంది. 45 మైళ్ల దగ్గర కాలు తేలిక చేసి నిలకడగా పోనిస్తే తడబడింది. అప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కాను. మిస్సింగ్ ఆగిపోయింది. కాలు తగ్గించాను, మళ్లీ వచ్చింది.

పెట్రోలు అందకపోవడమే జబ్బయితే, కాలు తొక్కేకొద్దీ పెరగాలి. ఇక్కడ తొక్కితే తగ్గుతోంది. రెండో ఆధారం డాష్‌బోర్డు మీదే ఉంది. ఈ బండిలో కాయిల్‌కు (స్పార్కుకు కావాల్సిన ఎక్కువ వోల్టేజీ ఇచ్చే భాగం) వెళ్లే తెల్ల వైరు మీదుగానే టాకోమీటర్‌కు, అంటే ఇంజన్ వేగం చూపే మీటరుకు, సంకేతం అందుతుంది. ఇంజన్ తడబడేటప్పుడు టాకోమీటర్ సూది ఇంజన్‌తోపాటు నెమ్మదిగా ఊగితే లోపం పెట్రోలులోనో, ప్లగ్ వైర్లు, రోటర్ వైపో ఉండొచ్చు. సూది ఒక్కసారిగా కిందికి పడి లేస్తే, కాయిల్‌కు వచ్చే కరెంటే తెగుతోందన్నమాట. సూది పడి లేస్తోంది. ఇంజన్ వేగం అంత హఠాత్తుగా మారడం అసాధ్యం.

అయితే కరెంటు తెగేది తేలిక కాలు మీదే ఎందుకు? ఆ ఒక్క స్థితిలోనే పనిచేసే భాగం ఈ ఇగ్నిషన్‌లో ఒకటే ఉంది, వాక్యూమ్ అడ్వాన్స్. కార్బురేటర్ నుంచి సన్న పైపు ఒకటి డిస్ట్రిబ్యూటర్ పక్కనున్న గుండ్రటి డబ్బాకు వస్తుంది. ఐడ్లింగ్‌లో ఆ పైపు రంధ్రం థ్రాటిల్ బిళ్లకు బయటివైపు ఉంటుంది గనుక వాక్యూమ్ తగలదు. కాలు పూర్తిగా తొక్కితే వాక్యూమే ఉండదు. కొంచెం తెరిచి నిలకడగా పోయేటప్పుడే గట్టి వాక్యూమ్ అందుతుంది. అప్పుడు డబ్బాలోని పొర పాయింట్లు ఉన్న ప్లేటును కొన్ని డిగ్రీలు తిప్పి స్పార్కును ముందుకు జరుపుతుంది. తేలిక లోడు మీద మిశ్రమం నెమ్మదిగా మండుతుంది కాబట్టి ఈ ఏర్పాటు. పెట్రోలు ఆదా అంతా ఇక్కడే.

రోడ్డు పక్కన ఆపి ఆ పైపు పీకి, కార్బురేటర్ వైపు కొస మూసేశాను. మళ్లీ 45 మైళ్లు. ఎంతసేపు పోయినా మిస్సింగ్ లేదు. ఇంటికి వచ్చాక ఐడ్లింగ్‌లో ఉంచి డిస్ట్రిబ్యూటర్ వైపు పైపును నోటితో పీల్చాను. ఇంజన్ వెంటనే తడబడింది. వదిలితే సర్దుకుంది. డాక్టరును పీల్చమన్నాను, అతని చేతిలోనూ అంతే.

డిస్ట్రిబ్యూటర్ క్యాప్, దాని లోపల తిరిగే రోటర్ తీసి లైటు పెట్టి చూస్తే, బయటి టెర్మినల్ నుంచి పాయింట్లకు వెళ్లే బెత్తెడు కూడా లేని సన్న వైరు కనిపించింది. ప్లేటు కదిలినప్పుడల్లా వంగుతుంది కాబట్టి దాన్ని చాలా సన్నటి తీగపోగులతో, గుడ్డ పొరతో చేస్తారు. గుడ్డ బాగానే ఉంది. వేళ్ల మధ్య పట్టి అటూ ఇటూ వంచితే మధ్యలో ఒకచోట మాత్రం ఎముక లేనట్టు మడత పడింది. లోపల పోగులు తెగిపోయి కొసలు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. ప్లేటు తన చోట ఉంటే ఆనుకుంటాయి, వాక్యూమ్ లాగితే విడిపోతాయి. మల్టీమీటర్ పెట్టి ప్లేటును వేలితో తిప్పితే రీడింగు పోయి వచ్చింది.

వైరు ఖరీదు మూడు నాలుగు పౌండ్లు. దాంతోపాటు ప్లేటుకు ఎర్త్ ఇచ్చే రెండో సన్న వైరు కూడా మార్చాను, ఇదీ అదే పని చేసి అదే వయసుకు వచ్చింది. షాఫ్టు ఊగడం లేదు. రోటర్ కింద రెండు చుక్కల ఆయిల్ వేసి, పాయింట్ల సందు 0.015 అంగుళానికి సెట్ చేసి, టైమింగ్ 10 డిగ్రీలకు పెట్టాను. ఇందుకు 12 వోల్టుల చిన్న బల్బు చాలు. డిస్ట్రిబ్యూటర్ టెర్మినల్‌కూ ఎర్త్‌కూ మధ్య పెట్టి డిస్ట్రిబ్యూటర్‌ను నెమ్మదిగా తిప్పితే, బల్బు వెలిగిన క్షణమే పాయింట్లు విడిన క్షణం.

ఇప్పుడు వెబర్ సంగతి. ఎంజీబీకి వెబర్ డీసీఓఈ (వాళ్లు చెప్పిన 45 ఈ రకమే) వేసినప్పుడు సాధారణంగా వాక్యూమ్ అడ్వాన్స్ పైపుకు చోటు ఉండదు, దాన్ని తీసి పక్కన పడేస్తారు. పైపు తీసేస్తే ప్లేటు కదలదు. ప్లేటు కదలకపోతే తెగిన వైరు విడిపోదు. అంటే వెబర్ వేసిన రోజునే మిస్సింగ్ మాయమై ఉండేది. "చూశారా, ఎస్‌యూలే పాడయ్యాయి" అని అందరూ ఒప్పుకునేవాళ్లు. పెట్రోలు ఎక్కువ తాగడం వెబర్ స్వభావం అనుకునేవాళ్లు. తెగిన పోగులు మాత్రం అలాగే ఉండి, ఎప్పుడో ఒక రాత్రి మోటార్‌వే మీద పూర్తిగా విడిపోయేవి. మార్పు చేసిన బండిలో రోగం ఇలా కనపడకుండా దాక్కోవడం నేను చాలాసార్లు చూశాను. అందుకే ఈ కేసు రాస్తున్నాను.

ఎస్‌యూల సెట్టింగ్

నింద పూర్తిగా అన్యాయం కూడా కాదు. ఐడ్లింగ్‌లో థ్రాటిల్ స్పిండిల్ కొసల దగ్గర కార్బురేటర్ క్లీనర్ కొద్దిగా స్ప్రే చేస్తే, వెనక కార్బురేటర్ దగ్గర ఇంజన్ వేగం మారింది. స్పిండిల్ అరిగి అక్కడ గాలి లాగుతోంది. రెంటికీ కొత్త స్పిండిళ్లు, బుష్‌లు వేయించాను. వెబర్ ఖర్చుతో పోలిస్తే ఇది చిల్లర.

ఎస్‌యూ అంటే నాకు ఇష్టం, దాచుకోను. ఒకటే జెట్, ఒకటే సూది. ఇంజన్ ఎంత గాలి పీలిస్తే పిస్టన్ అంత లేస్తుంది, దాని అడుగున వేలాడే సూది జెట్‌లోంచి అంత పైకి వస్తుంది. సూది కిందికి పోయేకొద్దీ సన్నం కాబట్టి అంత ఎక్కువ పెట్రోలు వస్తుంది.

సెట్ చేసే తీరు చెబుతాను. ముందు పిస్టన్‌ను వేలితో పైకెత్తి వదిలితే అడ్డు లేకుండా దిగి, అడుగున టక్ మని శబ్దం రావాలి. రాకపోతే జెట్ మధ్యలో లేదు. జెట్‌ను పైదాకా తెచ్చి, కింది నట్టును 12 పలకలు, అంటే రెండు చుట్లు కిందికి దించితే మొదలుపెట్టే చోటు. ఇంజన్ బాగా వేడెక్కాక, రెండు కార్బురేటర్ల మధ్య లింకులు వదులు చేసి, రెండూ సమానంగా గాలి పీల్చేలా స్క్రూలు తిప్పాలి. మీటరు లేకపోతే రబ్బరు గొట్టం ఒక కొస చెవి దగ్గర, రెండో కొస కార్బురేటర్ నోటి దగ్గర పెట్టి బుస శబ్దం పోల్చుకోవచ్చు. ఆ తర్వాతే మిశ్రమం. పిస్టన్‌ను కింది పిన్నుతో ఒక మిల్లీమీటరుకు లోపే ఎత్తాలి. వేగం కొంచెం పెరిగి వెంటనే మామూలుకు వస్తే సరిగ్గా ఉంది. పెరిగి అలాగే ఉంటే పెట్రోలు ఎక్కువ, నట్టు పైకి తిప్పాలి. ఇంజన్ ఆగిపోబోతే తక్కువ, కిందికి తిప్పాలి. ఒకసారికి ఒక్క పలక. ఆఖరికి డ్యాష్‌పాట్‌లో 20 గ్రేడు ఆయిల్ పోయాలి. ఇది లేకపోతే పిస్టన్ ఒక్కసారిగా లేచిపోయి, కాలు తొక్కగానే ఇంజన్ గుటకలు మింగుతుంది.

పెట్రోలు గొట్టాలన్నీ మార్చాం. 2021 సెప్టెంబరు నుంచి ఇక్కడ మామూలు పెట్రోలు ఈ10, అంటే పది శాతం దాకా ఇథనాల్. పాత రబ్బరు దానికి మెత్తబడి చీలుతుంది. ఇంజన్ గదిలో పెట్రోలు కారడమంటే పక్కనే వేడి ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ ఉంది. కొత్త గొట్టం మీద ఆర్9 అని ముద్ర ఉందో లేదో చూసి కొనాలి. బండిలో మాత్రం ఈ5 సూపర్ పెట్రోలే పోయమన్నాను, శీతాకాలం కదలకుండా నిలబడే బండికి అదే మేలు.

ఏ మార్పులు చేశాం, ఏవి వద్దన్నాం

ఇప్పుడు బండి ఫ్యాక్టరీ స్థితికి వచ్చింది. డాక్టరు మళ్లీ అడిగాడు: "మరి వెబర్ వద్దంటావా అన్నా?" వద్దన్నాను. ఈ ఇంజన్ హెడ్‌లో నాలుగు సిలిండర్లకు కలిపి ఇన్‌లెట్ పోర్టులు రెండే. కొత్తలో కంపెనీ చెప్పిన 95 హార్స్ పవర్‌కు మించి కావాలంటే దారి హెడ్ పనిలో, క్యామ్‌లో (వాల్వులను తెరిచే షాఫ్టు) ఉంది. హెడ్ మార్చకుండా కార్బురేటర్ మారిస్తే మారేది ఎక్కువగా శబ్దమే. పైగా వెబర్ జెట్లు సరిగ్గా కుదరాలంటే రోలింగ్ రోడ్ (చక్రాలు రోలర్ల మీద తిరుగుతుంటే ఇంజన్‌ను కొలిచే యంత్రం) మీద పెట్టి సెట్ చేయించాలి. ఇంట్లో పిన్ను ఎత్తి చూసుకునే సౌకర్యం పోతుంది.

బండిని కిందికి దించడం కూడా వద్దన్నాను. క్రోమ్ బంపర్ ఎంజీబీ అసలే తక్కువ ఎత్తు, స్పీడ్ బ్రేకర్ల మీద సైలెన్సర్ రాసుకుంటుంది. టెలిస్కోపిక్ డాంపర్ల విషయంలో కొనేవాళ్లకు చాలామందికి తెలియని విషయం ఒకటుంది: ముందు చక్రాల దగ్గర ఆర్మ్‌స్ట్రాంగ్ లీవర్ డాంపర్ చేయే సస్పెన్షన్ పై విష్‌బోన్ (చక్రాన్ని బాడీకి పట్టి ఉంచే చేయి). టెలిస్కోపిక్ పెట్టినా దాన్ని తీసేయడం కుదరదు. బాగుచేసిన లీవర్ డాంపర్లు కారకుండా, ఆయిల్ నిండుగా ఉంటే ఈ బరువుకు చక్కగా సరిపోతాయి. కుడివైపుది కారుతుంటే ముందు జతను రీకండిషన్ చేసినవాటితో మార్చాం.

చేసిన మార్పుల్లో నాకు బాగా నచ్చింది ముందు కింది విష్‌బోన్ బుష్‌లు. మామూలు రబ్బరువి తీసి, ఎంజీబీ జీటీ వీ8 కోసం చేసిన, మధ్యలో ఇనప గొట్టం ఉన్నవి వేశాం. పాతవి చేతిలోకి తీసుకుంటే బొగ్గులా పొడి అయ్యాయి. స్టీరింగ్‌లో వచ్చిన తేడా మొదటి మలుపులోనే తెలిసింది. పాలీయురేథేన్ కూడా దొరుకుతాయి గానీ రోడ్డు గరుకంతా చేతుల్లోకి వస్తుంది. కింగ్‌పిన్‌లకు (స్టీరింగ్ తిప్పితే ముందు చక్రం తిరిగే నిలువు పిన్నులు) గ్రీజు కొట్టేటప్పుడు చక్రం గాలిలో ఉండాలి. బరువు మీద ఉంటే గ్రీజు ఒకవైపే పోతుంది, అరిగే వైపు ఎండిపోతుంది.

హెడ్‌లైట్లది శుద్ధ కరెంటు లెక్క. ఈ బండిలో రెండు దీపాల కరెంటూ డాష్‌బోర్డు స్విచ్‌లోంచి, డిప్ స్విచ్‌లోంచి, బోలెడన్ని బుల్లెట్ కనెక్టర్లలోంచి నడుస్తుంది. ఇంజన్ నడుస్తుండగా ఆల్టర్నేటర్ దగ్గర 13.9 వోల్టులుంటే బల్బు దగ్గర 11.8 మాత్రమే వచ్చింది. ఫిలమెంట్ బల్బుకు వోల్టేజీ 10 శాతం తగ్గితే వెలుగు దాదాపు 30 శాతం పడిపోతుంది. ముందువైపు ఫ్యూజుతో సహా రెండు రిలేలు పెట్టి, పాత స్విచ్‌కు రిలేను లాగే చిన్న కరెంటు మాత్రమే వదిలాం. కనెక్టర్లన్నీ తీసి శుభ్రం చేశాం, ఎర్త్ పాయింట్లు ఇనుము కనపడేదాకా గీకాం. బల్బు దగ్గర 13.4 వచ్చింది. ఒక్క ఒరిజినల్ వైరూ కోయలేదు. రేపు ఎవరైనా రిలేలు పీకేస్తే బండి 1970లోకి వెళ్లిపోతుంది.

సీట్ల వెనక ఉండే రెండు 6 వోల్టుల బ్యాటరీల బదులు ఒక 12 వోల్టులది పెట్టి, దానికి కటాఫ్ స్విచ్ బిగించాం. పాయింట్ల బదులు ఎలక్ట్రానిక్ మాడ్యూల్ కావాలని అతను అడిగాడు, కాదనలేదు. డిస్ట్రిబ్యూటర్ లోపలే ఇమిడిపోతుంది, టైమింగ్ కదలదు. కానీ అది పోయిందంటే ముందస్తు హెచ్చరిక లేకుండా పోతుంది, రోడ్డు పక్కన బాగుచేసేదేమీ ఉండదు. అందుకని సెట్ చేసిన పాయింట్లు, మంచి కండెన్సర్, రోటర్ ఒక డబ్బాలో వేసి గ్లవ్‌బాక్స్‌లో పెట్టించాను. కండెన్సర్, రోటర్ కొనేటప్పుడు చవక రకం జోలికి పోవద్దు. ఇప్పుడు మార్కెట్లో ఉన్న నాసిరకం కొత్తవాటికంటే పాత ఒరిజినల్ వాడినదే నయం.

ఆయిల్ 20డబ్ల్యూ-50 మినరల్. కొత్త కార్ల పల్చటి సింథటిక్‌లో జింక్ తక్కువ, ఈ ఇంజన్ క్యామ్, ట్యాపెట్లు ఆ జింక్ మీద ఆధారపడతాయి.

కాగితాల పని. 40 ఏళ్లు దాటిన బండికి బ్రిటన్‌లో రోడ్ ట్యాక్స్ లేదు, పెద్ద మార్పులు చేయనంత కాలం 2018 మే నుంచి ఎంఓటీ, అంటే బండి రోడ్డుకు పనికొస్తుందో లేదో ఏటా చూసే పరీక్ష కూడా తప్పనిసరి కాదు. అయినా ఏటా చేయించమన్నాను. కింద పడుకుని చూసే ఇంకో జత కళ్లు కొద్ది పౌండ్లకు దొరుకుతున్నప్పుడు కాదనడమెందుకు? బుష్‌లు, రిలేలు, బ్యాటరీ, మాడ్యూల్ అన్నీ ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా చెప్పించాను. చిన్న మార్పని దాచితే క్లెయిమ్ రోజున అదే పెద్దదవుతుంది.

ఇప్పటి స్థితి

వేసవి అంతా బండి నడిచింది. మిస్సింగ్ తిరిగి రాలేదు. నిలకడగా పోయినప్పుడు గాలన్‌కు 28 మైళ్ల దాకా ఇస్తోంది, వాక్యూమ్ అడ్వాన్స్ పనిచేస్తున్న ఎంజీబీకి అది సరైన అంకె. బ్రేకు తొక్కితే స్టీరింగ్ వదిలినా నేరుగా ఆగుతోంది. ప్లగ్గులు నాలుగూ లేత గోధుమరంగులో ఉన్నాయి. ఎగ్జాస్ట్ ట్యాపెట్లలో మూడు కదల్లేదు. నాలుగో సిలిండర్‌ది 0.015 నుంచి 0.013కు వచ్చింది, మళ్లీ సెట్ చేసి పుస్తకంలో రాశాం. వచ్చే సర్వీసుకూ అంతే తగ్గితే హెడ్ దింపి గట్టి సీట్లు వేయించాలి, ఎలాగూ దింపుతాం గనుక అప్పుడే పోర్టుల పని కూడా చేయిస్తాం. ఎడమ కింగ్‌పిన్‌లో కొద్దిగా ఆట ఉంది, ఇంకా హద్దులోనే ఉంది. వెనక కమాన్ కట్టలు కుడివైపు అర అంగుళం దిగాయి, చలికాలంలో జతగా మార్చాలి.